మూడో సర్వర్ పలకడం లేదు

శంషాబాద్,
మంగళవారం

ప్రాణమైన శోభక్కకు,

ఫోన్ ఉండగా చెల్లి ఉత్తరం రాయడమేందని నవ్వకు. నువ్వు ఎప్పుడూ స్పీకర్ పెడతావు, పక్కన అమ్మ వింటుంది. ఇది అమ్మ వినే సంగతి కాదు. పైగా సర్వర్ రూములోకి ఫోన్ రానివ్వరు, గేటు దగ్గర కుర్మయ్య తాత తీసుకుని పెట్టుకుంటాడు. పెన్నూ కాగితం మాత్రం వదిలేస్తాడు. ఇన్‌స్టాల్ నడుస్తున్నంత సేపూ నాకు భయపడటం తప్ప వేరే పని లేదు, అందుకే రాస్తున్నాను. ఆశేర్ బావ ఎయిర్‌పోర్టు ట్రిప్పుకు వచ్చినప్పుడు ఇచ్చి షాద్‌నగర్ పంపిస్తాను.

నీకు తెలుసు కదా, మందులు విమానం ఎక్కేదాకా చల్లగా దాచిపెట్టే కంపెనీ మాది. ఆ కోల్డ్ రూముల లెక్కలన్నీ ఇన్నాళ్లూ బయటివాళ్ల కంప్యూటర్లలో కిరాయికి ఉండేవి. ఇప్పుడు మూడు కొత్త సర్వర్లు కొన్నారు. వాటిని నడిపే లైనక్స్ సాఫ్ట్‌వేర్ వేసి, మూడింటినీ కలిపి కంపెనీకి సొంత క్లౌడ్ నిలబెట్టడం నా పని. పొయ్యికి మూడు రాళ్ల లెక్క, ఒకటి జరిగినా కుండ నిలవదు. ఇక్కడ మూడోది జరుగుతూనే ఉంది. సగం దాకా అంతా బాగా నడుస్తుంది, తర్వాత స్క్రీన్ మీద ఎర్రగా వస్తుంది, మూడో సర్వర్ పలకడం లేదని. కేబుళ్లు మార్చాను. అడ్రసులు, గడియారాలు సరిచూశాను. లైనక్స్ మొత్తం తుడిచి మళ్లీ వేశాను. ఊరికే వదిలేస్తే బుద్ధిగా ఉంటుంది, పని చెప్పగానే చచ్చి ఊరుకుంటుంది.

అసలు భయం ఇది కాదక్కా. సర్వర్లు వచ్చిన రోజు పూజ చేశారు. మేమంతా పెద్దసార్ అనే మా ఓనర్ రామచంద్రయ్య సార్, వాళ్లమ్మ అమృతమ్మ గారు కూర్చుని కొబ్బరికాయ కొట్టించారు. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను. ఎవరినీ తక్కువ చేయాలని కాదు. మనకు అలవాటు లేని చోట ఎక్కడ నిలబడాలో తెలియక. ఈ రోజు కుర్మయ్య తాత ఫోన్ తీసుకుంటూ మెల్లగా అన్నాడు: "బిడ్డా, పూజ కాడ నువ్వు బొట్టు పెట్టిచ్చుకోలేదంట గద. గందుకే మిషిన్ మొరాయిస్తున్నదని లోపల అనుకుంటున్నరు. జర పైలం."

అప్పటి నుంచి అదే ఆలోచన. సోమవారానికి ఇది నడిస్తేనే నన్ను పర్మనెంట్ చేస్తారు. పని రాదని పంపిస్తే ఏడ్చి ఊరుకుంటాను, ఇంకో చోట చూసుకుంటాను. కీడు తెచ్చిందని పంపిస్తే ఆ మాట నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోను? నా కోసం ప్రార్థన చెయ్యి.

నీ చెల్లి,
రేచల్


గురువారం

బంగారు అక్కకు,

తప్పెక్కడుందో దొరికింది. దొరకకపోయినా బాగుండేది.

మూడో సర్వర్ తన ఒంట్లో సంగతులు తానే రాసుకుంటుంది. అందులో చూశాను. ఆగిపోయిన ప్రతిసారీ వేడెక్కి ఆగిపోయానని ఉంది. నేను శాలువా కప్పుకుని కూర్చునే గదిలో దానికి వేడేందని వెనక్కి పోయి చేయి పెట్టాను. కాలింది. ఈ సర్వర్లు ముందు వైపు నుంచి చల్లగాలి పీల్చి వెనక నుంచి వేడి వదులుతాయి. వాటిని పెట్టిన ర్యాక్ తిరగేసి ఉంది. వీపు ఏసీకి, ముఖం తలుపుకు. తాను వదిలిన వేడి తానే పీలుస్తోంది పాపం, పైన ఉన్న మూడోదానికి అది ఎక్కువ తగులుతోంది.

ర్యాక్ తిప్పితే చాలు. సంబరంగా మేనేజర్ రవీందర్ సార్ దగ్గరికి ఉరికాను. ఆయన ముఖంలో నెత్తురు లేదు. "ఏయ్, ముట్టకు! పెద్దసార్ వాస్తు చూపిచ్చి తూర్పుకు పెట్టిచ్చిండు. పూజ అయినంక కదిలిస్తరా ఎవరన్న? అందుల నువ్వు చెప్తే ఏమంటరో ఎరుకేనా?"

ఎరుకే. రాత్రంతా ఆ మాటే చెవిలో మోగింది. పొద్దున క్యాంటీన్ సక్కుబాయిని బతిమాలి టేబుల్ ఫ్యాన్ తెచ్చి ర్యాక్ ముందు పెట్టాను. ఇన్‌స్టాల్ ఇంకాస్త దూరం నడిచి మళ్లీ ఆగింది. నా చదువు టేబుల్ ఫ్యాన్ దాకా వచ్చింది చూడు.

నేనొక నిర్ణయానికి వచ్చాను. శనివారం ఓనర్ వస్తారు. ఆ రోజే రాజీనామా ఇచ్చేస్తాను. అమ్మకు ఒంట్లో బాగాలేదని రాస్తాను. అబద్ధమే, దేవుడు క్షమించాలి. వాళ్లు పూజ చేసినదాన్ని కదిలించమని వాళ్ల ముఖం మీద చెప్పే ధైర్యం నాకు లేదక్కా. నిజంగా లేదు.

నీ
రేచల్


శనివారం

నా శోభక్కా,

రాజీనామా ఇవ్వలేదు. కాగితం చేతిలో పట్టుకునే పెద్దసార్, రవీందర్ సార్‌ల వెనక సర్వర్ రూములోకి పోయాను. అమృతమ్మ గారు కూడా వచ్చారు. ఎందుకు నడవడం లేదని పెద్దసార్ అడిగారు. నేను నోరు తెరిచేలోపే రవీందర్ సార్ అందుకున్నాడు: "గా పిల్లకు మొదటి నుంచి మనసు లేదు సార్. పూజ నాడు గూడ బయటనే నిలబడ్డది."

ఈ మాట పుట్టింది ఎక్కడో అప్పుడు తెలిసింది. నాకు కోపం వచ్చింది. భయం ఏమీ పోలేదు, కోపం దాని మీద నుంచి దూకి వచ్చింది. అన్నాను: "తప్పు మిషిన్‌ది కాదు సార్, నాది గూడ కాదు. ర్యాక్ తిరగేసి పెట్టిండ్రు. తిప్పితే నడుస్తది. పూజ అయింది, తూర్పు ముఖం కదిలియ్యద్దంటే మీ ఇష్టం. గట్లైతే ఎవరొచ్చినా నడవది."

ఇగ అయిపోయిందనుకున్నాను.

"తూర్పేంది?" అన్నారు పెద్దసార్. "నేనెప్పుడు చెప్పిన? పంతులు కొబ్బరికాయ కొట్టి, టిఫిన్ చేసి పోయిండు. దిక్కులు గిక్కులు ఎవ్వరు చూడలే."

అందరం రవీందర్ సార్ వైపు చూశాం. ఆయన నేల చూపులు చూస్తూ గొణిగాడు: "సర్వర్ల ముందటి లైట్లు పూజ ఫోటోల మంచిగ కనవడాల్నని... నేనే తిప్పిచ్చిన సార్."

పూజ ఫోటో కోసం, అక్కా! దాని కోసం నేను వారమంతా అన్నం సహించక చచ్చాను. అమృతమ్మ గారు నా చేయి పట్టుకున్నారు. "నువ్వు యాడ నిలబడ్డవో నేను చూడనే లేదు బిడ్డా. నా మోకాళ్ల నొప్పుల నేనున్న, ఎప్పుడు లేస్తనా అని." నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నా వల్లే కీడని ఆమె అనుకుంటున్నారని నేనెంత సులువుగా నమ్మేశానో తలుచుకుంటే సిగ్గేసింది.

నలుగురు పట్టి ర్యాక్ తిప్పారు. ఇన్‌స్టాల్ మళ్లీ మొదలుపెట్టాను. సగం దాటింది. మూడోది పలికింది. చివరిదాకా పలుకుతూనే ఉంది.

అందరూ పోయాక రవీందర్ సార్ తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "భయమైంది రేచల్. ఫోటో ముచ్చట తెలిస్తే పెద్దసార్ ఊకోడని."

"నాకు గూడ భయమైంది సార్," అన్నాను. "కానీ నా భయానికి నేను మీ పేరు చెప్పలే."

ఆయన ర్యాక్ దగ్గరున్న టేబుల్ ఫ్యాన్ ఎత్తుకుని క్యాంటీన్ వైపు నడిచాడు. నా భయం ఇంకా పూర్తిగా పోలేదు. అయినా సోమవారం నేనే పోయి కిరాయి కంప్యూటర్ల పాత సిస్టమ్ ఆపుతాను.

నీ చెల్లి,
రేచల్