పిల్లికి ఇచ్చిన మత్తు

చెల్లె రేణుకకు, సూర్యాపేట నుంచి అక్క దీవెనలు.

మా పిల్లి కాలు బండి చక్రం కింద పడి విరిగింది. పశువుల డాక్టరు మత్తుమందు చుక్కలు వేసిన దూదిని దానికి వాసన చూపించి, దాని ఊపిరిని కనిపెడుతూనే ఎముక సరిచేసి కట్టు కట్టాడు. ఇక లేవదేమో అనుకున్నాను గానీ, సాయంత్రానికి కళ్లు తెరిచింది.

మర్నాడు డాక్టరు చూడవచ్చేసరికి అది మూలకు ముడుచుకుని పడుకుంది. "సప్పుడు చేస్తలేదు, నొప్పి పోయినట్టుంది" అన్నాను.

"పిల్లి ఏడ్వదమ్మా, నొప్పుంటేనే గట్ల ముడుసుకుంటది" అని డాక్టరు మళ్లీ మందిచ్చాడు.

నువ్వేమో విరిగిన చేతికి ఇంట్లోవాళ్లు నాటుకట్టు కట్టించారనీ, నొప్పేమీ లేదనీ, వంట కూడా చేస్తున్నాననీ రాశావు.

సోమవారం నడిగూడెం మీ అత్తగారింటికి బండి పంపుతున్నాను. మీ అత్తతో నేను మాట్లాడుకుంటాను, నువ్వు ఎక్కితే చాలు. ఇక్కడ దవాఖానలో గట్టిగా ఏడ్చినా ఎవరూ ఏమీ అనరు.