చెవి దగ్గరుండేదే ముందు

ఏవండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున ప్రార్థన కూడికకు మీ తమ్ముడు మీ హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకుని వచ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అవి కొన్నాక రెండేళ్ళు వట్టి ఫోనుకే తగిలించి విన్నారు మీరు. "ముందు చెవి దగ్గరుండేది మంచిదవ్వాలి. శబ్దానికి బలమిచ్చే యాంప్ పెట్టె తర్వాత కొనుక్కోవచ్చు. వైర్ల సంగతి ఆఖర్న," అనేవారు. మీరు పోయిన వారానికే అతను వాటిని పట్టుకుపోయాడు. విస్సన్నపేట యార్డులో మామిడికాయల లారీ లోడయ్యేదాకా క్రికెట్ చూడ్డానికట!

అడిగితే, "అసలు ఖరీదైన పెట్టె మీకే వదిలేశాను కదా వదినా," అన్నాడు.

"పెట్టెను చెవికి పెట్టుకోనా?" అని అందరి ముందే లాగేసుకున్నాను.

చెవులకానే మెత్తల మీద మామిడి సొన మరకలు. ఎంత తుడిచినా పోలేదు. అతన్ని తిట్టుకుంటూనే యాంప్‌కి తగిలించి, మీరు రోజూ వినే పాట పెట్టాను. పాట ఎత్తుకునే ముందు పాడే ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది.

"ఒక్కసారి పెట్టుకుని విను సునీతా," అని ఎన్నిసార్లు అడిగారో. పొయ్యి మీద కూర ఉందనేదాన్ని.

మీ తమ్ముణ్ణి నలుగురిలో కడిగేశాను. నన్ను కడిగేయడానికి మీరు లేరు.