పైదవడ పాట

నోర్‌హావ్న్ రేవు
మార్చి చివరివారం

నా మారివిక్,

ఈ ఉత్తరం రాయకుండానే గడిపేద్దామనుకున్నాను. రెండుసార్లు కాగితం పరిచి, రెండుసార్లూ దానిమీద చేపలు శుభ్రం చేసి పారేశాను. ఫోన్లో చెబుదామంటే నువ్వు నా మొహం చూస్తావు. మొహం చూస్తే నోరు చూస్తావు. సంగతంతా ఆ నోట్లోనే ఉంది, అందుకని కాగితమే నయమనిపించింది. డేనిష్ పరీక్షకి చదువుతున్నావు కనక దీన్నొక పాఠమనుకుని నెమ్మదిగా చదువు. తిట్లు వచ్చిన చోట మాత్రం నిఘంటువు తియ్యకు.

ముందు చెడ్డకబురు. నీ వీసా ఆగింది. కాదనలేదు, ఆగింది. భార్యని పిలిపించుకునేవాడు మూడేళ్ళుగా మున్సిపాలిటీ సాయం లేకుండా తన కాళ్ళమీద తాను బతికినట్టు చూపించాలి గదా, అక్కడ పడింది మెలిక. నలభై ఏళ్ళు ఈ రేవులో పడవలకి అడుగుచెక్కలు మార్చినవాణ్ణి. నేను నా కాళ్ళమీద నిలబడ్డానో లేదో రాజధానిలో కూర్చున్న ఒక అమ్మాయి తేల్చాలట.

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. గొంతు మంచిదే పాపం.

"ఎవరో ఫోన్ చేసి చెప్పారండీ. పేరు చెప్పలేదు," అంది.

"ఏమని చెప్పారమ్మా?"

"పళ్ళు కట్టించుకోడానికి మీకు మున్సిపాలిటీ డబ్బిచ్చిందని. పైదవడ అని కూడా చెప్పారు."

ఇప్పుడు నువ్వు ఎక్కడైనా కూర్చో. నా నవ్వు చూసి పడిపోయానని మీ అక్కతో అన్నావు గదా. ఆ నవ్వులో కిందిసగం నాది, పైసగం కొన్నది. రెండు వేసవులు నీ పక్కన పడుకున్నాను, ఒక్కసారి కూడా తీసి గ్లాసులో వెయ్యలేదు. చిగుళ్ళు మండిపోయినా వెయ్యలేదు. ముసలాణ్ణి చేసుకున్నావని మీ ఊరు ఇలోయిలోలో నలుగురూ అననే అంటారు, బోసినోటి ముసలాణ్ణని కూడా ఎందుకని.

నువ్వు ఇక్కడి చేపల ఫ్యాక్టరీలో చేరకముందు చలికాలంలో నాకు నిమ్మొచ్చింది. కొట్టు మూసుకుని దగ్గుతూ పడుకున్నాను. పైపళ్ళు ఒక్కొక్కటే ఊడాయి. కట్టించుకోడానికి పాత పడవ ఇంజనంత ఖరీదు చెప్పారు. పక్క ఊళ్ళో పళ్ళ డాక్టరు విచిత్రమైన మనిషి, నోట్లో చెయ్యి పెట్టాకే ప్రశ్నలు అడుగుతాడు. చచ్చిపోయిన పాస్టరుగారి విజ్ఞానసర్వస్వం వేలంలో కొన్నానని నీకు తెలుసుగా, అందులో పళ్ళ గురించి వెతికాను. పోయిన ఒక్క సంపుటంలోనే ఉన్నట్టున్నాయి పళ్ళు. సరే, మున్సిపాలిటీ ఆవిడే దరఖాస్తు పెట్టుకోమంది, పెట్టాను. ఇచ్చారు. వడ్రంగికి ఉలి ఇచ్చినవాడు అన్నం పెట్టినట్టా? పళ్ళు తిండి కాదు, తిండి తినే పనిముట్టు. అందుకే నీ కాగితాల్లో అది రాయాలని నాకు తోచనేలేదు.

ఇక ఆ పళ్ళ సంగతి ఎవరికి తెలుసు? డాక్టరుకీ, మున్సిపాలిటీ ఆవిడకీ. వాళ్ళ నోళ్ళకి ఉద్యోగాల తాళం ఉంది. మూడోవాడు మా అన్న టార్వాల్డ్. తన కార్లో తీసుకెళ్ళి, బయట గదిలో పత్రికలు తిరగేస్తూ కూర్చుని, వచ్చేదార్లో నాకు సూప్ ఇప్పించినవాడు.

వెళ్ళి అడిగాను. వంటింట్లో ఎండురొట్టె కొరుకుతున్నాడు. డెబ్బై దగ్గరపడినా ఒక్క పన్ను కదల్లేదని వాడికి గొప్ప.

"అన్నయ్యా, నా పళ్ళ సంగతి ఎవరికైనా చెప్పావా?"

"నీ పళ్ళతో నాకేం పనిరా? నా పళ్ళు నాకున్నాయి." కటుక్కుమని ఇంకో ముక్క కొరికి చూపించాడు.

"మరి బ్యాంకు హామీ? మూణ్ణెల్లయింది కాగితం మీ బ్యాంకు సొరుగులో పడి."

నీకు గుర్తుండే ఉంటుంది, మా ఊరి పొదుపు బ్యాంకుకి వాడే అధ్యక్షుడు. నువ్వొచ్చాక మున్సిపాలిటీ సాయం అడిగితే ఆ డబ్బు కడతామని నీకు హామీ నిలబడాల్సింది ఆ బ్యాంకే.

"తమ్ముడని చూస్తే రేపు ఊరంతా వరస కడుతుందిరా. అయినా ఆ పిల్ల అక్కడుంటే నీకొచ్చిన నష్టమేమిటి? రోజూ ఫోన్లో చూస్తూనే ఉన్నావుగా."

గుమ్మం దాటుతుంటే వెనకనుంచి, "ఎందుకురా, ఆ పైదవడతో నువ్వు హాయిగానే ఉన్నావు గదా!" అని నవ్వాడు. పైదవడ అన్న మాట నేను అనలేదు మారివిక్. పళ్ళు అని మాత్రమే అన్నాను.

రేవులో నా పడవల కొట్టున్న జాగామీద వేసవి జనానికి మేడలు కట్టాలని వాడి కొడుకు రెండేళ్ళుగా కొలతలు వేస్తున్నాడు. వీసా రాక నువ్వు విసిగి తెగతెంపులు చేసుకుని, నేను ఒంటరిగా పోతే అది వాళ్ళకి. నువ్వొస్తే నీకు. ఇంకేం చెప్పాలి?

వాణ్ణి అన్నయ్య అనడం ఆ గుమ్మంలోనే వదిలేశాను. ఇకనుంచి వాడే.

మే నెలలో వాడికి డెబ్బై నిండుతాయి. పెద్ద భోజనం. ఊళ్ళో నాలుగు మాటలు ప్రాసలో పెట్టేవాణ్ణి నేనొక్కణ్ణే కనక పాట రాయమని వదిన బిర్తె కబురు పంపింది. సంతోషంగా రాస్తానని చెప్పాను.

నీ విలాడ్స్


నోర్‌హావ్న్ రేవు
మే నెల, ఆ భోజనం మర్నాడు

నా మారివిక్,

రాత్రంతా నిద్రపోలేదు. భయంతో కాదు, తృప్తితో.

నువ్వు మావాళ్ళ పెళ్ళి చూశావు, చావు చూశావు, డెబ్బయ్యో పుట్టినరోజు చూడలేదు. భోజనం మధ్యలో పాట ఉంటుంది. చుట్టాల్లో ఎవరో ఒకరు ఆ మనిషి మీద చరణాలు కడతారు, అందరికీ తెలిసిన బళ్ళో పాట బాణీలో. కాగితాలు గొట్టంలా చుట్టి రిబ్బను కట్టి పళ్ళేనికొకటి పెడతారు. ముందుగా ఎవరూ విప్పి చదవరు, అది మర్యాద. విప్పాక చివరిదాకా అందరూ పాడాలి, అదీ మర్యాదే. పాట ఎవరి గురించో ఆ మనిషి కూడా గొంతు కలిపి, నవ్వుతూ పాడాలి. మధ్యలో ఆపినవాణ్ణి నా జన్మలో చూడలేదు. మావాళ్ళు ఓడ మునుగుతున్నా చరణం పూర్తిచేసే పడవెక్కుతారు.

ఆ మర్యాదని పట్టుకునే నేను వల పన్నాను.

ఊరి హాలు నిండిపోయింది. బ్యాంకు బోర్డువాళ్ళు, జాలర్ల సంఘం, పాస్టరుగారు, తొంభై దాటిన మా కిర్స్టీన్ పిన్ని. పియానో దగ్గర హోల్గర్ మాస్టారు. పంది వేపుడయ్యాక గ్లాసు మోగించి, "తమ్ముడి కానుక!" అన్నాడాయన. రిబ్బన్లు ఊడాయి. వాన మొదలైన చప్పుడులా ఉంది నా చెవికి.

మొదటి చరణాల్లో వెన్న రాశాను. చిన్నప్పుడు మంచుమీద నన్ను లాక్కెళ్ళడం, బిర్తె వదినకోసం సైకిలు తుడవడం. బిర్తె కళ్ళు తుడుచుకుంది. వాడు నాకేసి చూసి తలాడించాడు. ఆ తలాడించడం నాకు వెన్నకన్నా రుచిగా ఉంది. ఆ తరవాత ఇది:

చలిలో తమ్ముణ్ణి కార్లోన చేరదీశాడు,
పళ్ళ డాక్టరు వాకిట ఓపిగ్గా కూచున్నాడు.

"ఎంత మంచివాడు!" అని ఎవరో మధ్యలో అన్నారు కూడా. హోల్గర్ మాస్టారు కాగితంలో స్వరాలు తప్ప మాటలు చూడడు. పియానో ఆగలేదు.

రెండేళ్ళు పోయాక ఫోనెత్తి పేరు దాచి పలికాడు,
పైదవడ పైదవడ అని సర్కారుకి చెప్పాడు.
మరదలు రాకుంటే మరి పడవల కొట్టు ఎవరిది?
పాడండి అందరూ, పడవల కొట్టు ఎవరిది?

మొదటి పాదం హాలంతా పాడేసింది. రెండోదానికి సగం గొంతులు పోయాయి. మూడోదానికి బోర్డువాళ్ళు పెదవులు మాత్రం కదిపారు. టార్వాల్డ్ మొహంమీద నవ్వు అలాగే ఉంది, గోడకి మేకు కొట్టి తగిలించినట్టు. కిర్స్టీన్ పిన్నికి చెవుడు, పైగా కాగితాన్ని ముక్కుకి ఆనించుకుంటే తప్ప కనపడదు. ఆవిడ ఒక్కతే గొంతెత్తి, "పడవల కొట్టు ఎవరిది?" అని హాలు దద్దరిల్లేలా పాడింది. పాడి, ఎవరూ అందుకోలేదని కోపమొచ్చి ఆ పాదమే మళ్ళీ పాడింది.

పాటయ్యాక లేచి నిలబడి జేజేలు కొట్టాలి. కొట్టారు. అంత నీరసమైన జేజేలు నేను వినలేదు.

ఇక వాడు కృతజ్ఞతలు చెప్పాలి. లేచాడు. "పాటకి థాంక్స్," అన్నాడు. "చివరి చరణంలో తాళం కుంటింది."

బిర్తె కూర్చున్నచోటినుంచే అడిగింది. "నిజమేనా టార్వాల్డ్?"

"పాట అన్నాక సవాలక్ష ఉంటాయి."

"నిజమేనా అని అడిగాను."

వాడు కేకు కొయ్యడం మొదలుపెట్టాడు. ఆ హాల్లో ఒక్కరికి కూడా ఇంకో జవాబు అక్కర్లేకపోయింది.

అక్కడితో ఆపితే బాగుండేది. నేను లేచి, పైపళ్ళు తీసి, రుమాల్లో పెట్టి వాడి పళ్ళెం పక్కన ఉంచి, "కొట్టుతోపాటు ఇవి కూడా ఉంచుకో" అన్నాను. పళ్ళు లేకుండా అన్నాను కనక ఎవరికీ అర్థం కాలేదు. "ఉప్పు కావాలట, ఉప్పందించండి" అంది పిన్ని.

నీ విలాడ్స్


నోర్‌హావ్న్ రేవు
జులై

నా మారివిక్,

నీ ఉత్తరం చేరింది. పళ్ళ సంగతి నీకు మొదటి వారంలోనే తెలుసని నువ్వు నాలుగు ముక్కల్లో రాశావు. ఆపిల్ కొరకడం మాని చాకుతో కోసుకునే మగాణ్ణి చూస్తే చేపల ఫ్యాక్టరీలో ఎవరైనా కనిపెడతారన్నావు. నా చిగుళ్ళు నీకు జన్మంతా రుణపడి ఉంటాయి.

ఇక్కడి సంగతులు చెబుతాను. పాట ఊళ్ళోకి పోయింది. జాలర్లు బ్యాంకుకి వెళ్ళి, కౌంటర్లో అమ్మాయిని, "మా పళ్ళ లెక్కలు కూడా మీ అధ్యక్షుడుగారే ఫోన్ చేసి చెబుతారా, లేక మేమే చెప్పుకోవాలా?" అని అడిగారు. ఒకడైతే నోరు తెరిచి చూపించి మరీ డబ్బు తీసుకున్నాడు. బోర్డువాళ్ళు వాణ్ణి పిలిచి ఏదో ఒకటి సర్దుకోమన్నారు.

రాజధాని అమ్మాయి కూడా ఫోన్ చేసింది. "పళ్ళకిచ్చింది బతుకుతెరువు సాయం కిందకి రాదండీ, మేం చూసేశాం. ఇక బ్యాంకు హామీ ఒక్కటే." చూశావా, వాడు కొట్టిన దెబ్బ అసలు తగల్లేదు. నేను కొట్టింది తగిలింది. నాకు జాలి వెయ్యలేదు.

ఆ వారమే కొట్టుకొచ్చాడు. లోపలికి రమ్మనలేదు నేను. చెక్కని చిత్రిక పడుతూనే ఉన్నాను.

"ఏం కావాలిరా నీకు?"

"హామీ."

"రేపే ఇప్పిస్తాను. బ్యాంకు ఇస్తుంది."

"బ్యాంకు పూచీమీద కాదు. నీ సొంత డబ్బు పూచీ పెట్టి ఇప్పించు."

"ఆ అమ్మాయి మున్సిపాలిటీ దగ్గర చెయ్యి చాపిందంటే పోయేది నా డబ్బురా!"

"అందుకే."

బూట్లమీద పడ్డ చెక్కపొట్టు దులుపుకున్నాడు. తరవాత, "కొట్టు కోసం కాదురా," అన్నాడు. "మావాడికి మేడలు కావాలి, నాకక్కర్లేదు. నువ్వా పిల్లని తెచ్చుకుంటే ఇక ఆదివారం భోజనానికి మా ఇంటికెందుకొస్తావు? బిర్తె నాతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో నీకేం తెలుసు? ఆ ఒక్కపూట నువ్వొచ్చి సొద పెడితేనే మా ఇంట్లో మాటలు."

నమ్మాలో లేదో నాకు తెలియదు మారివిక్. నా పాటలో ఆ చరణం లేదు. ఉన్నా పెట్టేవాణ్ణి కాను. సంతకం మాత్రం పెట్టించాను.

ఇక నువ్విక్కడ దగ్గితే వాడికి జ్వరం. నీ జీతం పెరిగిందా, నీ చలికోటు గట్టిదేనా, మెట్లు జాగ్రత్తగా దిగుతున్నావా అని నన్నడుగుతూ తిరగాలి వాడు. నువ్వు దర్జాగా సంపాదించుకుంటావని నాకు తెలుసు, వాడికి తెలియదు. ఆ తెలియకపోవడమే వాడికి నేనిచ్చిన పుట్టినరోజు కానుక. అప్పుడప్పుడు వాడి ముందు పన్ను పట్టుకుని "అబ్బా" అను. నాకోసం.

వీసా వచ్చింది. కాగితం దీనితో పంపుతున్నాను. ఆగస్టులో విమానం దిగే చోట నేనుంటాను, ఆ భోజనం తరవాత బిర్తె వదిన తెచ్చిచ్చిన పళ్ళు పెట్టుకునే ఉంటాను. ఇంట్లో గ్లాసు కూడా కొన్నాను.

ఇంకొక్కటి. నిన్న ఆదివారం వాళ్ళింట్లో భోజనం దగ్గర అన్నయ్య ఎండురొట్టె కొరుకుతుంటే ముందుపన్ను విరిగింది. ఇవాళ పొద్దున నేనే బండిలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, బయట గదిలో పత్రికలు చూస్తూ కూర్చున్నాను. వచ్చేదార్లో సూప్ ఇప్పించాను. డాక్టరు డబ్బు మాత్రం అన్నయ్యే కట్టుకున్నాడు.

నీ విలాడ్స్