చదివాకే రాయి

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున ఉప్పల్ నుంచి ఒక కారును మన నాచారం షాపుకు లాక్కొచ్చారు. పికప్ పెంచుతానని ఎవడో ఇంజిన్ కంప్యూటర్‌లో పాత ఫైలు చదివి దాచుకోకుండానే కొత్తది రాసేశాడట. బండి తన తాళంచెవినే గుర్తుపట్టడం లేదు. ఒకప్పుడు నువ్వు స్పేర్ కీ చేసిన బండే అది. నీ ల్యాప్‌టాప్‌లో ఆ కారు ఫొటో పక్కనే, అప్పుడు నువ్వు చదివి దాచిన దాని అసలు ఫైలు ఉంది. అదే ఎక్కించాను, ఒక్క సెల్ఫుకే స్టార్టయింది.

“గింత జాగ్రత్తగ దాచిందెవరు, అన్నా?” అన్నాడు ఓనరు.

“మా బావ. ముందు సదువు, తర్వాతనే రాయి అనేటోడు.”

“మస్తు సదువుకున్నడేమో!”

అక్షరం రాక నువ్వు వేలిముద్ర వేసేవాడివని, ఫైళ్లను బండి ఫొటోలతోనే గుర్తుపట్టేవాడివని నేను చెప్పలేదు. నువ్వు బతికున్నా ఈ ఉత్తరం నేనే చదివి వినిపించేవాణ్ణి. అందుకే ఇప్పుడూ షాపులో కూర్చుని పైకే చదువుతున్నాను.