పోగుంటలు పెట్టని సాలు

పెద్దన్నకు, వదినకు యాదమ్మ దండం పెట్టి రాస్తున్నది. నేను మంచిగున్నాను. నిజంగానే మంచిగున్నాను, పరేషాన్ కావద్దు. అన్నా, నీ మోకాలి నొప్పి తగ్గిందా? త్రిపురారంలో నాట్లు పడ్డాయా?

సూర్యాపేటలో నాలుగు రోజులుగా ముసురు. కిరాయి గది చిన్నదే గాని, పక్కింటి మణెమ్మ రోజూ చారు గిన్నె తెస్తుంది. తినకపోతే తిడుతుంది. ఆమె చల్లగుండాలి.

ఇక్కడ కొత్త విత్తనాలను పరీక్షించే చేనులో పత్తి పని మన ఊరి పని లాంటిది కాదు. మొలకలు కుళ్ళే తెగులుంది కదా, ఆ తెగులు మట్టిని కావాలనే సాళ్ళలో కలిపి, రకరకాల గింజలు పెడతారు. చచ్చేవి చస్తాయి. బతికినవాటి గింజ దాచి మళ్ళీ అదే మట్టిలో వేస్తారు. అట్లా ఏండ్లకేండ్లు చేస్తే తెగులుకు ఓర్చుకునే పత్తి వస్తుందట.

మొన్న ఒక తప్పు చేశాను. ఒక సాలులో చాలా మొలకలు మెడ వాల్చి పడిపోయాయి. ఖాళీ జాగాలు చూస్తే చెయ్యి ఆగలేదు. చిన్ననాటి అలవాటాయె, మొలక పోయిన ప్రతి చోటా మిగిలిన గింజలు మళ్ళీ నాటి పోగుంటలు పెట్టేశాను. మరునాడు ఈ పరీక్షలు చేయించే మేడం వచ్చి చూసి తల పట్టుకుంది.

"ఏం జేసినవ్ యాదమ్మా! ఎన్ని సచ్చినయో తెల్వకుంటే ఏది గట్టిదో ఎట్ల తెలుస్తది? పోయిన జాగ పోయినట్టే ఉండాలె."

పని పోయిందనుకున్నాను. కానీ ఏ మొలక ఎక్కడ పోయిందో నాకు యాదికున్నది. వేలితో తవ్వి, పెట్టిన గింజలన్నీ ఏరి ఆమె చేతిలో పోశాను.

"నీకున్న యాది నా పుస్తకానికి లేదు పో!" అని నవ్వింది. పోయిన చోటల్లా పుల్ల గుచ్చే పని నాకే ఇచ్చింది. ఆ తల్లికి పుణ్యముంటుంది.

అన్నా, నా బిడ్డ సుజాత జ్వరంతో పోయినప్పటి నుంచి నువ్వు ఒకటే మాట అంటున్నావు: "మా చిన్నదాన్ని తీస్కపో చెల్లె, నీ బిడ్డనే అనుకో." కన్నబిడ్డను ఇస్తాననే అన్నావదినలు ఎవరికుంటారు? తలుచుకున్నప్పుడల్లా దండం పెట్టుకుంటాను. ఇన్నాళ్ళు జవాబు రాయలేకపోయాను. వద్దు, అన్నా. సుజాత జాగా అట్లనే ఉండనియ్యి.

వదినా, వచ్చేవాళ్ళుంటే కొంచెం చింతపండు పంపు. నాయనకు కాళ్ళు మొక్కానని చెప్పు. మీ అందరి దీవెన నాకుండాలి.

సెలవుల్లో చిన్నదాన్ని పంపండి. మణెమ్మ చారు తాగిస్తాను, బతికిన మొక్కలు చూపిస్తాను. నన్ను అమ్మా అనమని మాత్రం నేర్పకండి. ఎప్పటిలాగే అత్తా అంటూ ఉరికి రావాలి.

మీ చెల్లె,
సుజాత తల్లి,
యాదమ్మ