చిత్రిక మిషనుకు పూసిన ఆముదం

గిద్దలూరు,
శ్రావణ మాసం, 1938

చిరంజీవి ఓబులేసుకు అక్క దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం, మీ బావ కుడిచెయ్యి తప్ప.

మద్రాసు నుంచి నువ్వు రాసిన జాబు అందింది. చిత్రిక మిషనుకు నీ మందు పనిచేసిందా అని అడిగినావు. బ్రహ్మాండంగా పనిచేసింది నాయనా! వానలకు ఇనపబల్ల తుప్పు పడుతుందని, మైనం రుద్దడం మోటు పద్ధతని, నువ్వే దగ్గరుండి ఆముదం దట్టంగా పూసిపోయినావు కదా. తుప్పు మచ్చ కూడా రాలేదు. కాకపోతే చెక్కపొట్టంతా ఆ జిడ్డుకు అంటుకొని బంకయింది. పక్కింటి పౌలన్న వాళ్ల చర్చి తలుపులకని టేకు పలక నున్నగా చేద్దామని మీ బావ మిషను మీద పెడితే అది కదల్లేదు. బలమంతా పెట్టి తోసినాడు. పలక ఒక్కసారిగా జారి, చెయ్యి తిరిగే కత్తి మీద పడి, చిటికెనవేలు సగం తెగిపోయింది.

అడిగినోళ్లందరికీ "నా అజాగ్రత్తే" అంటాడు. నీ పేరు ఎత్తనియ్యడు. అట్లాంటి బావ దొరకడం నీ అదృష్టం, నా ఖర్మ.

నేనే బల్లను కిరసనాయిలుతో కడిగి, తేనెమైనం పల్చగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచినాను. ఇప్పుడు పలక మెత్తగా పోతోంది. పౌలన్న అవతల పట్టుకుంటే మిషను నేనే నడుపుతున్నా.

ఇంక సలహాలు రాయొద్దు, రైలెక్కి రా. నేను మిషను దగ్గరుంటే ఆయనకు అన్నం కలిపిపెట్టే దిక్కులేదు. ఎడమచేత్తో తినలేక, ఆకలి కాలేదని అబద్ధం చెప్తున్నాడు.

ఇట్లు,
మీ అక్క