కొండెక్కిన మన అంబాసిడర్

ఏమండీ,

నిన్న మీ సంవత్సరీకం అయింది. ఈ రోజు మన అంబాసిడర్‌కు పరీక్ష అయింది.

షూటింగులకు మన బండిని పిలవడం మానేసి నెల దాటింది. "రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇంజన్లో పస ఏముంటుందమ్మా? హీరోయిన్ని ఎక్కించుకుని ఎత్తులో ఆగిపోతే నా ఉద్యోగం పోతుంది," అన్నారు ప్రొడక్షన్ మేనేజర్ గారు. ఆ బండి తప్ప నాకూ పిల్లకూ వేరే ఆధారం లేదు. యూసుఫ్‌గూడలో మన మెకానిక్ యాదగిరికి చూపించాను. నాలుగు సిలిండర్లూ పరీక్షించి, "అన్న టైముకు ఆయిల్ మార్చిండు వదినా. దమ్ము జరంత గూడ తగ్గలే," అన్నాడు.

మేనేజర్ గారిని బతిమాలి బండెక్కించాను. వెనక ముగ్గురు లైట్‌మెన్, డిక్కీ నిండా సామాను. నేనేమో మీరు పోయాకే స్టీరింగ్ పట్టిన దాన్ని. అయినా ఫిల్మ్ నగర్ ఎత్తంతా బండి ఎక్కడా రొప్పకుండా ఎక్కేసింది.

ఆయన దిగి బానెట్ మీద చెయ్యి వేశారు. "ఇంజన్‌కేం ఢోకా లేదమ్మా, నేనే పొరబడ్డాను. కానీ ఇప్పుడందరూ ఏసీ బండ్లే అడుగుతున్నారు," అన్నారు.

రేపు ఎవరి గుమ్మం ఎక్కాలో తెలియడం లేదు. ఇంజన్ బలం తగ్గలేదన్న మాట విని సంతోషించే మనిషి మీరొక్కరే. మీకు చెప్పకుండా పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు.